ఎనిమిది వందల మాటల్లో మునెప్ప

దయామణి టీచరు నోరు మంచిది కాదని మదనపల్లెలో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ముప్పై మూడేళ్ళు సర్కారు బళ్ళలో ఇంగ్లీషు చెప్పి ఏడు బదిలీలు తింది. అందులో నాలుగు, ఎవరో పెద్దమనిషిని ముఖం మీదే కడిగేసినందుకు వచ్చినవి. ఇప్పుడు అరవై రెండేళ్ళు నిండినా ఆ నోటికి మాత్రం రిటైర్మెంటు రాలేదు.

మిషన్ కాంపౌండు వెనక వీధిలో ఆమెది రెండు గదుల ఇల్లు. ముందు వసారాలో సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా పాఠం. రామసముద్రం, కలకడ, కలికిరి పక్క పల్లెల నుంచి నర్సింగు చదవడానికి వచ్చిన ఆడపిల్లలే ఎక్కువ. పల్లెబడిలో తెలుగులో చదువుకుని వచ్చిన ఆ పిల్లలు, ఇక్కడ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెరిచి చూసి, మూసి, ఏడ్చి, ఆ ఏడుపు ముఖంతోనే ఈమె గడప ఎక్కుతారు. "ఏడిస్తే ఇంగ్లీషు రాదు, కూసో," అంటుంది ఆమె. అదే మొదటి పాఠం.

రెండో పాఠం ఒక బిస్కెట్ల రేకు డబ్బా. అందులో ఎనిమిది వందల అట్టముక్కలు ఉంటాయి. అన్నీ పెళ్ళి శుభలేఖలే. మందంగా ఉంటాయి, పారేయడానికి మనసొప్పదు, అందుకని కాంపౌండులో ఎవరింటికి శుభలేఖ వచ్చినా పెళ్ళి అయిపోగానే అది దయామణికి చేరుతుంది. ఆమె దాన్ని కత్తెరతో ముక్కలు చేసి ఒక్కో ముక్క వెనక ఒక్కో ఇంగ్లీషు మాట రాస్తుంది. పల్లె నుంచి వచ్చిన పిల్ల ఎవరినీ అడక్కుండా అర్థం చేసుకోగలిగిన మాటకే డబ్బాలో చోటు. కొత్త మాట లోపలికి రావాలంటే పాత మాట ఒకటి బయటికి పోవాలి. లెక్క ఎనిమిది వందలు దాటకూడదు. దాటితే అది డబ్బా కాదు, డిక్షనరీ అంటుంది.

ఆ మాటలతోనే పిల్లలకు చిన్న చిన్న పుస్తకాలు రాసేది. పాము కరిస్తే ఏం చెయ్యాలి, ఒక మంత్రసాని కథ, బస్సులో సీటు అడగడం ఎలా, ఇలాంటివి. పద్నాలుగు రాసింది. అన్నీ జిరాక్సు కాగితాలు, మూలన ఒక పిన్ను. ఒక్కటి కూడా అచ్చు కాలేదు. భర్త ఎడ్విన్ బతికున్న రోజుల్లో, ఆసుపత్రి మందుల కౌంటరు నుంచి ఇంటికొచ్చి ఆ కాగితాలు చూసి నవ్వేవాడు. "మన పేరు అచ్చులో పడాలంటే ఓటరు లిస్టే దిక్కు దయా," అనేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వేదే కానీ, లోపల ఒక ఆశ కూర్చునే ఉంది. ఒక్కటంటే ఒక్క అచ్చు పుస్తకం, గట్టి అట్ట, ఆ అట్ట మీద తన పేరు. చెప్పుకుంటే చులకనైపోతానని ఎవరికీ చెప్పుకోలేదు.

ఆమెకు ఒక నమ్మకం కూడా ఉండేది. పెద్ద మాటల వెనక మనిషి ఎంతైనా దాక్కోవచ్చు కానీ, చిన్న మాటలతో అబద్ధం చెప్పడం కుదరదని. ఆ నమ్మకం మీదే ముప్పై ఏళ్ళు బడి నడిపింది.

పోయిన ఎండాకాలం పుంగనూరు నుంచి నాగరాజు వచ్చాడు. మండీ యజమాని, అరవై ఏడేళ్ళ మనిషి, తెల్ల చొక్కా, చేతిలో కవరు. మునెప్ప శతజయంతి సమితికి ఆయనే అధ్యక్షుడు. మునెప్ప ఎవరో దయామణికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. పుంగనూరు మొదలు కుప్పం దాకా, అవతల కోలారు, ఇవతల కృష్ణగిరి పక్క కూడా, మునెప్ప నాటకం అంటే ఎద్దుల బండ్లు కట్టుకుని పోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇరవై ఏడు నాటకాలు రాసిన మనిషి. కరువును బోనులో నిలబెట్టి రైతులు విచారణ చేసే 'కరువు మీద వ్యాజ్యం' చూసి దయామణి నాన్న ప్రసాదరావు మూడు రోజులు అదే చెప్పుకుని తిరిగాడని వాళ్ళమ్మ అంటూ ఉండేది.

"సర్కారు బడి పిలకాయలకు ఆయన జీవితం ఇంగ్లీషులో కావాల మేడం," అన్నాడు నాగరాజు. "సులువుగా ఉండాల. చదివితే వాళ్ళకు ఇంగ్లీషూ రావాల, మా ఊరి గొప్పదనమూ తెలియాల. మీరయితేనే రాస్తారని అందరూ చెప్పినారు. నాలుగు వేల కాపీలు అచ్చేస్తాం. అట్ట మీద మీ పేరు."

ఎవరొచ్చినా వసారాలోనే మాట్లాడి పంపించే దయామణి, "కాఫీ తాగుతారా అప్పా," అని అడిగింది.

ఆయన ఇచ్చిపోయిన కవరులో పన్నెండు పేజీల తెలుగు వ్యాసం ఉంది. కళామతల్లి ముద్దుబిడ్డ, నాటక రంగ మేరునగం, సహజ ప్రతిభా సంపన్నుడు. రెండుసార్లు చదివింది. ఆ మనిషి ఏం తిన్నాడో, ఏ పని చేసి బతికాడో ఒక్క వాక్యం లేదు. చివర్లో 'కళారంగ విస్తరణార్థం పుంగనూరు ప్రాంతాన్ని వీడి కుప్పంలో స్థిరపడ్డారు' అని ఉంది. నలభై మూడేళ్ళ మనిషి పుట్టిన ఊరు వదిలి మూడు రోజుల నడక దూరం పోయి రాళ్ళు కొట్టుకు బతికాడని నాన్న నోట విన్నది. అది కళారంగ విస్తరణా? వ్యాసాన్ని మడిచి మంచం కింద పడేసి, మర్నాడు పొద్దున కుప్పం బస్సెక్కింది.

మునెప్ప కూతురు మునిలక్ష్మమ్మ కుప్పానికి ఈ పక్క ఒక పల్లెలో రేకుల ఇంట్లో ఉంటుంది. దాదాపు డెబ్బై ఏళ్ళు. చదువు రాదు. దయామణి వెళ్ళేసరికి వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ ఉంది. వచ్చిన పని వినగానే గింజల గంప పక్కకు జరిపి, చేతులు తుడుచుకుంది.

"మా నాయన ఆ ఊరు యాల ఇడిసిపెట్టినాడో రాస్తావా అమ్మా," అని అడిగింది.

"దానికే వచ్చినా."

"అయితే విను. నాటకంలో ఆఖరి అంకానికి ముందు తెర దించి, రాసినాయనకు తాంబూలం ఇస్తారు. అది మా పక్క ఆనవాయితీ. ఎవురికైనా అరుగు మీదికి పిల్చి, చేతిలో పెడతారు. మా నాయనది చావులకు పలక డప్పు కొట్టే కుటుంబం గదా. ఆయనకు అరుగు కింద నేల మీద పెట్టేవాళ్ళు. పళ్ళెం పెట్టి వాళ్ళు ఇవతలికి జరిగినాక ఈయన పోయి తీసుకోవాల. పదకొండేండ్లు తీసుకున్నాడు."

దయామణి సంచిలోంచి నోటు పుస్తకం తీసి రాసుకోసాగింది.

"ఆడేవాళ్ళంతా రైతులు, చదువు లేనోళ్ళు. మా నాయన అరుగు ముందర నేల మీద కూసోని, బుక్కు పట్టుకుని ఒక్కో మాట అందిస్తే వాళ్ళు పైన పాడేది. పన్నెండో ఏడు ఆ వ్యాజ్యం నాటకమే ఆడతాండారు. కరువుకు తీర్పు చెప్పే అంకం మిగిలింది. పళ్ళెం తెచ్చి నేల మీద పెట్టినారు. మా నాయన లేయలే. బుక్కు మూసినాడు. 'చేతికిస్తే తీర్పు చెప్పిస్తా, లేకుంటే ఈ వ్యాజ్యం ఈడనే ఉంటాది' అన్నాడు. అరుగు మీద జడ్జి వేషం కట్టినాయన మళ్ళా పోయి కుర్చీలో కూసున్నాడు. నోట్లో మాట లే. మాటలన్నీ మా నాయన చంకలో ఉండాయి."

మునిలక్ష్మమ్మ నవ్వింది. ఆ నవ్వులో ఇప్పటికీ గర్వం ఉంది.

"జనం తెల్లారిందాకా కూసున్నారు. పళ్ళెం ఆడనే ఉండాది. ఎవురూ ఎత్తలే. కోడి కూసినాక నన్ను లేపి, పద పాపా అన్నాడు. మళ్ళా ఆ ఊరి పక్క చూడలే. తీర్పు అంకం ఈడ కుప్పంలో రాళ్ళు కొట్టేవాళ్ళ చేత ఆడించినాడు. ఆ ఊళ్ళో మాత్రం ఆ వ్యాజ్యం ఇంకా తెగలే."

"పళ్ళెం పెట్టింది ఎవరు?"

"నాగరాజప్ప వాళ్ళ నాయన. జడ్జి వేషమూ ఆయనదే. చెడ్డోడు కాదమ్మా, కష్టకాలంలో మాకు రాగులు కూడా పంపినాడు. చేతికి ఇచ్చేదానికి మాత్రం ఆయనకు చేత కాలే."

తిరుగు బస్సులో దయామణి కిటికీ పక్కన కూర్చుంది కానీ దారి ఏదీ కనిపించలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, ఒక పల్లెలో, ఎండలో నడిచిపోయి ఒక ఇంటి ముందు నీళ్ళడిగింది. బీఈడీ చదివిన టీచరు. ఆ ఇంటావిడ ఈమె పేరు విని, ఇంటిపేరు అడిగి, చెంబు ఇవ్వకుండా పైనుంచి దోసిట్లో పోసింది. దాహం వేసింది, తాగింది. ముప్పై ఐదేళ్ళుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పోసినావిడ మీద కోపం ఎప్పుడో చల్లారింది. తాగిన తన మీద మాత్రం ఇంకా చల్లారలేదు. మునెప్ప పుస్తకం మూశాడు, నేను దోసిలి పట్టాను అనుకుంది. పుంగనూరు దాటేసరికి ఆ పుస్తకం ఎలా రాయాలో ఆమెకు తెలిసిపోయింది.

నెల పట్టింది. రాసింది ఇంగ్లీషులో, తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. 'మునెప్ప ఒక పల్లెలో పుట్టాడు. అతని తండ్రి పలక కొట్టేవాడు. మునెప్ప మూడేళ్ళు బడికి వెళ్ళాడు. తర్వాత బస్సులు కడిగాడు. బస్సుల మీద ఊళ్ళ పేర్లు ఉన్నాయి. అతను వాటిని చదివాడు. అలా చదువు నేర్చుకున్నాడు.' తొమ్మిదో పేజీకి వచ్చేసరికి ఇలా ఉంది. 'అతను నాటకాలు రాశాడు. రైతులు వాటిని ఆడారు. వాళ్ళు అరుగు మీద నిలబడ్డారు. అతను నేల మీద కూర్చున్నాడు. వాళ్ళు అతని పళ్ళెం నేల మీద పెట్టారు. ఒక రోజు అతను దాన్ని తీసుకోలేదు. అతను పుస్తకం మూశాడు.'

రామసముద్రం నుంచి వచ్చిన సింధు చేతికి ఆ కాగితాలు ఇచ్చింది. ఆ బ్యాచిలో అందరికంటే ఎక్కువ ఏడ్చిన పిల్ల సింధు. ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని చదువుతూ తొమ్మిదో పేజీ దగ్గర ఆగింది.

"మేడం, రాసింది ఆయనే గదా. మల్ల ఆయన యాల కింద కూసున్నాడు? కుర్చీలు లేకనా?"

"కుర్చీలు ఉండాయి."

సింధు వేలు మళ్ళీ ఆ వాక్యం మొదటికి వెళ్ళింది. "మా జేజినాయన కూడా అట్లే కూసునేవాడు మేడం," అంది మెల్లగా. తర్వాత మిగతాది పైకే చదివింది. పుస్తకం మూశాడు అన్న చోట తలెత్తి, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. ఒక్క మాటకు కూడా అర్థం అడగలేదు. ఇంగ్లీషు పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా ఆ పిల్ల చదవడం అదే మొదలు.

నాగరాజు మాత్రం నవ్వలేదు. వారం తర్వాత కాగితాలు పట్టుకుని వచ్చాడు. తొమ్మిదో పేజీ చుట్టూ పెన్సిలుతో గీత గీసి ఉంది.

"అంతా బాగుండాది మేడం. ఈ నాలుగు లైన్లు తీసేద్దాం. చిన్నపిల్లలు చదివే బుక్కు. పాతవి యాల తవ్వేది?"

"తీసేస్తే ఆయన కుప్పం యాల పోయినాడని చెప్పేది అప్పా?"

"పోనీ, కొన్ని సామాజిక అవరోధాలను అధిగమించి అని ఇంగ్లీషులో రాయండి. గౌరవంగా ఉంటాది."

దయామణి లోపలికి పోయి రేకు డబ్బా తెచ్చి, మూత తీసి ఆయన ముందు పెట్టింది. "అవరోధం అనే మాట ఇందులో ఉండాదేమో సూడండి."

ఆ పెద్దమనిషి నిజంగానే వెతికాడు, పాపం. నాలుగు ముక్కలు తిరగేసి, ఐదో ముక్క చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. దాని వెనక బంగారు రంగు వినాయకుడు, సగం తెగిన పేరు. "ఇది మా పాప పెళ్ళి శుభలేఖ మేడం," అన్నాడు.

"అవునా? కాగితం మందంగా ఉండాది. నీళ్ళు అనే మాట రాసుకున్నా."

నాగరాజు ఆ ముక్కను జాగ్రత్తగా లోపల పెట్టేశాడు. అప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. "ఆ అరుగును మళ్ళా మా నాయన పేరు మీద కట్టించినాం మేడం. ఫంక్షను దాని మీదే. ఈ బుక్కు పంచేదీ దాని మీదే."

"మీ నాయన పేరు నేను యాడా రాయలే. వాళ్ళు అని మాత్రం రాసినా."

"ఆ వాళ్ళు ఎవురో ఊరంతా తెలుసు మేడం."

"ఊరంతా తెలిసినదాన్ని దాచేది ఎవురికప్పా?"

దయామణి డబ్బా ఆయన వైపు జరిపింది. "ఈ ఎనిమిది వందల మాటల్లో మీరు చెప్పదల్చుకున్నది చెప్పండి, పెడతా. చెప్పలేకుంటే నేను రాసింది ఉంటాది. ఆ వాక్యం పోతే నా పేరూ పోతాది. అచ్చు లేకున్నా పర్వాలేదు, నా దగ్గర జిరాక్సు ఉండాది."

అనడమైతే అనేసింది కానీ, ఆయన మెట్లు దిగి పోతూ ఉంటే వెనక్కి పిలవబోయి ఆగింది. చేతికందిన అచ్చు పుస్తకాన్ని నోటితో పోగొట్టుకున్నానని రెండు రోజులు అన్నం సయించలేదు. పది రోజులకు ఫోను వచ్చింది. "మీ డబ్బా ప్రకారమే అచ్చయింది మేడం. ఆదివారం ఫంక్షను, రండి," అన్నాడు నాగరాజు. దయామణి గెలిచాననుకుంది. డబ్బా గెలిచిందనుకుంది.

ఆదివారం నీరుగట్టువారిపల్లెలో కొన్న పట్టుచీర కట్టుకుని, సింధును, ఇంకో నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని పుంగనూరు పక్కనున్న మునెప్ప పుట్టిన పల్లెకు చేరేసరికి పదకొండు గంటలు. షామియానా, మైకు, యూనిఫాంలో రెండు వందల మంది బడి పిల్లలు. అరుగు మీద వరుసగా కుర్చీలు, ఒక కుర్చీలో మునిలక్ష్మమ్మ. కుప్పం నుంచి కారులో తీసుకొచ్చారు. దయామణిని కూడా పైన కూర్చోబెట్టి, చేతిలో పుస్తకం పెట్టారు.

గట్టి అట్ట. దాని మీద బొద్దు అక్షరాల్లో ఆమె పేరు. దయామణి ఆ పేరును వేలితో తడిమింది, పుస్తకం ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. ఇది ఓటరు లిస్టు కాదు ఎడ్విన్, అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకుని తొమ్మిదో పేజీ తీసింది.

'అతను పెద్దమనుషులతో కూర్చున్నాడు. వాళ్ళకు అతనంటే ఇష్టం. ఒక రోజు అతను కుప్పం వెళ్ళాడు.'

అంతే. నేల లేదు, పళ్ళెం లేదు, పుస్తకం మూయడం లేదు. మళ్ళీ చదివింది. ఒక్కో మాటా డబ్బాలోదే. పక్క కుర్చీలోంచి నాగరాజు వంగి, నెమ్మదిగా చెప్పాడు. "మీరు చెప్పినట్టే మేడం. బయటి మాట ఒక్కటి కూడా లే."

దయామణికి ఒళ్ళంతా మండింది. ఆయన మీద సగం, తన మీద సగం. చిన్న మాటలతో అబద్ధం చెప్పడం కుదరదని ముప్పై ఏళ్ళు ఎంత మందికి చెప్పింది! కుదురుతుంది. ఎంచక్కా కుదురుతుంది. ఇంకా సులువుగా మింగుడు పడుతుంది కూడా. డబ్బా ఎవరి నోటికీ కాపలా కాయదు, కాయాల్సింది మనిషే. ఈ సంగతి తెలుసుకోవడానికి నాలుగు వేల కాపీలు అచ్చు కావాల్సి వచ్చింది.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు, పుస్తకం బళ్ళకు పోతుంది, అట్ట మీద పేరు అలాగే ఉంటుంది. ఇంకొకటి అచ్చు వేసేవాళ్ళు ఈ జన్మలో రారు. ఆమె కింద కూర్చున్న పిల్లల వైపు చూసింది. సింధు తొమ్మిదో పేజీ తీసి, వాక్యం కింద వేలు పెట్టుకుని చదువుతోంది. చదివి తలెత్తి టీచరు వైపు చూసింది. ఆ పిల్ల ముఖంలో కోపం లేదు, ప్రశ్న కూడా లేదు. ఏదో ఎప్పుడూ జరిగేదే జరిగినట్టు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. దయామణి ఓర్చుకోలేకపోయింది ఆ ముఖాన్నే.

మైకులో ఆమె పేరు పిలిచారు. శాలువా పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. దయామణి లేచి, వాళ్ళను దాటి, మెట్లు దిగి, అరుగు ముందు నేల మీద కూర్చుంది. సరిగ్గా నాటకానికి మాట అందించేవాడు కూర్చునే చోటు అది. పట్టుచీర మట్టయింది. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, తన పుస్తకంలో, ముప్పై ఏళ్ళుగా కలగన్న ఆ అచ్చు పుస్తకంలో, మూడు వాక్యాలు అడ్డంగా కొట్టేసింది. కొట్టేసినచోట పక్కన నాలుగు వాక్యాలు రాసింది. మొదటిది ఇంగ్లీషులో ఐదే మాటలు. అతను నేల మీద కూర్చున్నాడు.

తర్వాత తల తిప్పి, ముప్పై మూడేళ్ళు తరగతి గదుల్లో అరిచిన గొంతుతో అంది. "పుస్తకం తీసుకున్న పిల్లలంతా వరసగా రండి. తొమ్మిదో పేజీలో తప్పు పడింది. దిద్దాల."

టీచరు గొంతు వింటే పిల్లలకు వేరే ఎవరి అనుమతీ అక్కర్లేదు. వరస కట్టేశారు. సింధు పరుగున వచ్చి పక్కన కూర్చుంది. మిగతా నలుగురూ వచ్చారు. సంచిలో ఆరు ఎర్ర పెన్నులు ఉన్నాయి, ఆరుగురూ దిద్దడం మొదలుపెట్టారు. దిద్దిన పుస్తకం ఊరికే ఇచ్చేది లేదు. పిల్ల ఆ నాలుగు వాక్యాలూ పైకి చదవాలి, అప్పుడే పుస్తకం. ఆ పల్లె నడిబొడ్డున, ఆ అరుగు ముందర, ఒకరి తర్వాత ఒకరు అదే చదువుతున్నారు.

"మేడం, ఏంది ఇది," అన్నాడు నాగరాజు మైకులో. "పైకి రండి. కుర్చీ ఉండాది."

"కుర్చీ ఉండాదని నాకూ తెలుసప్పా," అంది దయామణి తలెత్తకుండానే. "ఆ పొద్దు కూడా ఉండాది."

అరుగు మీద మునిలక్ష్మమ్మకు ఏమీ అర్థం కాలేదు. మెట్ల దగ్గర నిలబడి ఉన్న ఒక చిన్న పిల్లను అడిగింది. "ఏం రాస్తాండారు పాపా?"

"మీ నాయన ఈడ కింద కూసున్నాడంట అవ్వా. పళ్ళెం తీసుకోలేదంట. బుక్కులో రాస్తాండారు."

మునిలక్ష్మమ్మ కొంగు సర్దుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చి దయామణి పక్కన కూర్చుంది.

సన్మానం ఆగిపోయింది. పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరకు నాగరాజే తాంబూలం పళ్ళెం పట్టుకుని కిందికి వచ్చాడు. చీర, కొబ్బరికాయ, ఆకు వక్క, పండ్లు, బరువుగా ఉంది. "తీసుకో అమ్మా," అన్నాడు.

మునిలక్ష్మమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. "ముందు నీ బుక్కు సరిజేసుకో అప్పా. మల్ల తీసుకుంటా."

ఆయన అలాగే నిలబడ్డాడు. దయామణి తర్వాతి పిల్లవాడి పుస్తకం అందుకుంది. ఆ పిల్లవాడు చదవడం కూడా అయింది. పళ్ళెం బరువుకు నాగరాజు చేతులు లాగుతున్నాయి. అటూ ఇటూ చూశాడు. అందుకునేవాళ్ళు ఎవరూ రాలేదు. పుస్తకం జేబులో ఉంది, తీయాలంటే చెయ్యి ఖాళీ కావాలి. పళ్ళేన్ని నేల మీద పెట్టబోయి వంగాడు. వంగినవాడు సగంలో ఆగిపోయాడు.

రెండు వందల మంది పిల్లలు ఆ పళ్ళెం వైపే చూస్తున్నారు. వాళ్ళు పళ్ళెం నేల మీద పెట్టారు అని ఇప్పుడే చదివిన, విన్న పిల్లలు.

నాగరాజు పళ్ళెం పెట్టనూలేక, పట్టుకోనూలేక, కాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత మెల్లగా మోకాళ్ళు ముడిచి, ఆ తెల్ల పంచెతోనే మట్టిలో కూర్చుని, పళ్ళేన్ని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. జేబులోంచి పుస్తకం తీసి దయామణికి చాపాడు.

ఆమె పుస్తకం తీసుకోలేదు. ఎర్ర పెన్ను ఇచ్చింది. "మార్చింది మీరు. మీరే దిద్దండి."

ఆయన పళ్ళెం అంచు మీద పుస్తకం ఆనించుకుని మూడు వాక్యాలు కొట్టేశాడు. సింధు పుస్తకంలో చూసి నాలుగు వాక్యాలు రాశాడు. రాస్తూ, ఎవరికీ కాకుండా, పుస్తకానికే చెప్పినట్టు అన్నాడు. "ఆ పొద్దు నాకు పదేండ్లు. ఆ పళ్ళెం పక్కనే పండుకోని ఉంటి. తెల్లారినాక మా నాయన దాన్ని ఎత్తమని నాకు చెప్పినాడు. నేను ఎత్తలే."

"చదవండి," అంది దయామణి.

"మేడం?"

"పిల్లలంతా చదువుతాండారు. మీరూ చదవాల."

చదివాడు. ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని నాలుగు వాక్యాలూ చదివాడు. దయామణి పుస్తకం అందుకుని చూసి, అందరికీ పెట్టినట్టే పక్కన ఒక టిక్కు పెట్టింది. అప్పుడాయన పళ్ళెం రెండు చేతులా ఎత్తి మునిలక్ష్మమ్మ చేతుల్లో పెట్టాడు. ఆమె తీసుకుంది. తీసుకుని, తండ్రి కూర్చున్న ఆ నేల మీద ఒక చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుంది.

షామియానాలో వాళ్ళు లేవచ్చో లేవకూడదో తెలియక కూర్చునే ఉన్నారు. నాగరాజు పంచెకు అంటిన మట్టి దులుపుకోబోయాడు.

"అప్పా," అంది దయామణి, తర్వాతి పుస్తకం తెరుస్తూ. "మిగతా మూడు వేల ఎనిమిది వందలు యాడ పెట్టినారు?"

"మండీ గోడౌన్లో మేడం."

"రేపు పొద్దున ఎనిమిదికి తాళం తీసి పెట్టండి. వస్తూ మీరూ ఒక ఎర్ర పెన్ను తెచ్చుకోండి."